ఎరుపు కింది నీలం

2037వ సంవత్సరం నవంబరు మూడు, మంగళవారం, ఉదయం పది గంటలు. ఇన్నాసిపాడు కతోలిక విచారణ, అంటే పారిష్, గురువుల బంగళా మధ్యగది. హాజరైనవారు అయిదుగురు: విచారణ గురువులు ఫాదర్ దేవానందం, హైదరాబాదులోని ఒక జీవశాస్త్ర ప్రయోగశాల నుంచి వచ్చిన డాక్టర్ వకుళ, మా అక్క లూర్దమ్మ, యాభై ఏడేళ్ళు, ఆమె ఆడబిడ్డ అంతోనమ్మ, అరవై ఆరేళ్ళు, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ప్రాచీన ప్రతుల విభాగం చూసుకునే నేను, శౌరి. బల్ల మీద తెల్లని నూలుగుడ్డ, దాని మీద ఆదాము చుట్ట.

ఆ చుట్ట రెండు చోట్ల పుట్టింది. పైభాగం సుమారు ఏడువందల ఏళ్ళ కిందట ఐరోపాలోని ఏదో మఠంలో, గొర్రెతోలు మీద రాసినది. ఆదాము అవ్వల నుంచి క్రీస్తు దాకా వంశక్రమం. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క వలయం, వలయం నుంచి వలయానికి ఆకుపచ్చ గీత. నోవహు ఓడ, సితార పట్టుకున్న దావీదు, అన్నిటికన్నా కింద క్రీస్తు పుట్టిన పశువులశాల. పద్దెనిమిదో శతాబ్దంలో పుదుచ్చేరి మీదుగా వచ్చిన ఒక విదేశీ గురువు దాన్ని ఇక్కడికి తెచ్చి, మావాళ్ళ ముందు విప్పి, వేలు పెట్టి చూపిస్తూ క్రీస్తు దగ్గర ఆగాడట. "ఆయన తర్వాత ఎవరు సామీ?" అని అడిగారట మావాళ్ళు. "మీరే" అన్నాడట గురువు. ఆయన ఉపదేశంగా అన్న మాట అది. మావాళ్ళు మర్నాడే మేకతోలు తెచ్చి కింద కుట్టేశారు.

ఆనాటి నుంచి ఈనాటి దాకా పదకొండు మేకతోళ్ళు కుట్టారు. పైభాగంలోని వలయాలను వృత్తలేఖినితో గీశారు. ప్రతి వలయం నడుమ సూదిమొన దిగిన చుక్క కనిపిస్తుంది. మా వలయాలకు ఆ చుక్క లేదు. పసిపిల్లల చేతిగాజు పెట్టి గీసినవి అవి. ఊళ్ళో వాటిని గుండ్రాలంటారు. ఎనిమిదో రోజున జ్ఞానస్నానం కాగానే బిడ్డ బొటనవేలిని తైలంలో ముంచి గుండ్రంలో అద్దుతారు. మగబిడ్డయితే అంచు నీలం, ఆడబిడ్డయితే ఎరుపు. పసితనంలో పోతే రంగు చుట్టూ నల్లని వలయం. ఒక ఇంట్లో వరసగా మూడు నల్లని వలయాలు పడితే అక్కడ అడ్డగీత గీస్తారు. ఆ ఇంటి గీత అంతటితో సరి.

ఇంకొక నియమం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో మేనరికాలు ముచ్చటగా జరుగుతాయి. మా ఊళ్ళో జరగవు. పెళ్ళిమాట ఖాయం చేసుకునే ముందు చుట్ట విప్పి, పిల్ల గుండ్రం నుంచీ పిల్లవాడి గుండ్రం నుంచీ పైకి లెక్కపెడతారు. ఏడింటి లోపల గీతలు కలిస్తే ఆ సంబంధం లేదు. మా అక్క పెళ్ళికి కూడా అలాగే లెక్కపెట్టారు. గీతలు పదో గుండ్రం దగ్గర కలిశాయి. పెళ్ళయింది.

ఆమెకు ముగ్గురు పిల్లలు పుట్టారు. మైకేలు ఏడు నెలలు బతికాడు. రోజ పదకొండు నెలలు. సిలువరాజు అయిదు. ముగ్గురిదీ ఒకే తీరు. మూడో నెలలో మెడ నిలవలేదు. ఆ తర్వాత కాళ్ళు ఆడలేదు. చివరికి ఏడ్చే ఓపిక కూడా లేక, కళ్ళు మాత్రం తెరుచుకుని తల్లి ముఖం చూస్తూ ఉండేవాళ్ళు. వైద్యులు బలహీనత అని రాశారు. అత్తింటివాళ్ళు ఆమె కడుపు మంచిది కాదన్నారు. అడ్డగీత పడిన మరుసటి నెల మా బావ ఇన్నయ్య ఆమెను మా ఇంట్లో దింపి, "కొన్నాళ్ళుండు" అని వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కామెర్లతో పోయేదాకా మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

మా అక్కకు ఒక్కటే తెలియాలి. పిల్లలు తన వల్ల పోయారా, కాదా.

వకుళ తెచ్చిన యంత్రం చిన్నది, చేతి కుట్టుమెషీను అంత. దాన్ని ప్రయోగశాలలో అందరూ నాలుక అంటారు. తడిగా ఉండే పారదర్శకమైన పొర ఒకటి అందులోంచి వస్తుంది. ఆ పొరను ఎవరైనా ఏనాడైనా తాకిన చోట ఆనిస్తే, అక్కడ మిగిలిపోయిన చర్మపు కణాలన్నిటినీ పైకి తీసుకుంటుంది. వందల ఏళ్ళనాటివైనా సరే, తాకిన మనిషి ఎవరి బిడ్డో, ఎవరి తోబుట్టువో, ఒంట్లో ఏ లోపం ఉందో గీతలుగా గీసి చూపుతుంది.

"ముందే చెబుతున్నానమ్మా," అంది వకుళ. "ఇది చదవడం కాదు, నాకడం. నాకిన చోట మళ్ళీ ఏమీ మిగలదు."

"ముద్ర కూడా పోతుందా?" అంది అక్క.

"ముద్రంటే ఆ నూనెమరకే కదమ్మా. పొరతో వచ్చేస్తుంది. చుట్టూ రంగు ఉంటుంది. లోపల ఖాళీ."

ఫాదర్ దేవానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లూర్దమ్మ రక్తం తీసుకుంటే సరిపోదా డాక్టర్ గారూ? పిల్లల జోలికి పోవడం ఎందుకు?"

"ప్రతి మనిషి ఒంట్లోనూ ఇలాంటి లోపాలు పదో పన్నెండో నిద్రపోతూ ఉంటాయి ఫాదర్. నాలోనూ, మీలోనూ. వాటిలో ఏది లేచి పిల్లల మీద పడిందో పిల్లలే చెప్పాలి. ఒక్కరు చాలు. ఆ తర్వాత తల్లి వైపు నాలుగు, తండ్రి వైపు నాలుగు పాత గుండ్రాలు. తండ్రిది కూడా."

అంతోనమ్మ అప్పటిదాకా గోడ వైపు చూస్తూ కూర్చుంది. "తండ్రిది ఎందుకు?" అంది. "మా తమ్ముణ్ణి బతికుండగా సుఖపడనిచ్చింది లేదు. పోయాక వాడి వేలిగుర్తు కూడా తుడిపిస్తావంటే, ఏమే, నీకు చేతులెట్లా వస్తున్నాయే?"

"వస్తున్నాయి వదినా," అంది అక్క. "ముగ్గుర్ని మట్టిలో పెట్టిన చేతులు కదా. దేనికైనా వస్తాయి."

"మా ఇంట్లో తాత ముత్తాతల కాలం నుంచి ఇట్లాంటి పిల్లలు పుట్టి ఎరగం."

"మా ఇంట్లో పుట్టారా?"

"ఏమో. నువ్వు పుట్టావుగా."

ఫాదర్ గారు గొంతు సవరించుకున్నారు. అంతోనమ్మ లేచి కొంగు దోపుకుని బల్ల దగ్గరికి వచ్చింది. తమ్ముడి గుండ్రాన్ని వంగి చాలాసేపు చూసింది. "తీసుకోండి," అంది. "వాడిలో ఏ మచ్చా లేదని మీ యంత్రమే చెబుతుంది. అప్పుడు దీని నోరు మూతపడుతుంది."

వకుళ భూతద్దంతో మా అక్క పిల్లల మూడు గుండ్రాలనూ పరీక్షించింది. "రోజ ముద్ర అన్నిటికన్నా స్పష్టంగా ఉందమ్మా. అదైతే తప్పే అవకాశం తక్కువ."

అక్క తల అడ్డంగా ఊపింది. "దాన్ని వదిలెయ్యండి. చిన్నవాణ్ణి కూడా. వాడికి నేను పాలు కూడా ఇవ్వలేదు. నా పాలే చంపుతున్నాయన్నారని భయపడి డబ్బాపాలు పట్టాను. వాడి దగ్గర ఇంకేం తీసుకుంటాను?" నల్లని వలయాల్లో మొదటిదాని పైన, తాకకుండా, వేలు ఆనించినట్టు పట్టుకుంది. "మైకేలుది తీసుకోండి. ఇంటికి పెద్దకొడుకు. పని చెబితే పెద్దవాడికే చెప్పాలి."

వకుళ పొరను మైకేలు గుండ్రంలో ఆనించి తొంభై లెక్కపెట్టింది. నేను ముఖం తిప్పుకున్నాను. అక్క తిప్పుకోలేదు. పొర లేచినప్పుడు తడిబట్ట గోడ మీంచి ఊడినట్టు చిన్న చప్పుడయింది. గుండ్రం లోపల తోలు కొత్తగా కనిపించింది, లేతగా, ఎవరూ తాకనట్టు.

"ఇందులో ఉన్నాడా?" అంది అక్క, వకుళ పొరను పరిచిన గాజుపలకను చూస్తూ.

"ఉన్నాడమ్మా."

"ఎక్కడ పెడతారు?"

"చలిపెట్టెలో. మంచుకన్నా చాలా చల్లగా ఉంటుంది. అప్పుడే చెడిపోకుండా ఉంటుంది."

అక్క వకుళకు వినపడకుండా నాతో అంది: "వాడికి చలి పడదురా."

*

ఫలితం రావడానికి పది వారాలు పడుతుందన్నారు. ఆ పది వారాలూ నేను సెలవు పెట్టి మా ఊళ్ళోనే ఉన్నాను. వంశచుట్టల మీద నేను రాయవలసిన వ్యాసమొకటి చాలాకాలంగా సగంలో ఉంది. దాన్ని ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక్క వాక్యం కూడా ముందుకు కదల్లేదు.

అక్క మా విచారణలోని ఆరు గుళ్ళకు పూజలో పంచే అప్పాలు కాల్చి ఇస్తుంది. పిండీ నీళ్ళూ తప్ప మరేమీ ఉండవు వాటిలో. పలచటి పిండిని ఇనుప పలకల మధ్య పోసి, కాలాక తీసి, తడిగుడ్డ కింద మెత్తబరచి, గుండ్రటి కత్తెరతో కోస్తుంది. వారానికి నాలుగువేల అప్పాలు. ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారం కూడా ఆలస్యం కాలేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆ పని చేస్తూనే అడిగింది. "ఒరేయ్, నా వల్ల కాదని తేలితే ఏం చెయ్యాల్రా?"

"చెయ్యడానికేముంది అక్కా? నిమ్మళంగా ఉండటమే."

"నీకేం, పుస్తకంలో ఉన్నట్టు చెబుతావు." ఒక అప్పం అంచు విరిగితే నోట్లో వేసుకుంది. "ఇన్నేళ్ళు నా వల్లే అనుకుని బతికాను. లేవగానే అదే, పడుకోబోతూ అదే. ఇప్పుడొచ్చి ఎవరో దాన్ని తీసేస్తే ఆ చోట ఏం పెట్టుకోను?"

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"వాళ్ళకి తెలియాలి కదా. పైన కూర్చుని, ముగ్గురూ, అమ్మే చంపిందేమో అనుకుంటూ ఉంటే?" కాసేపు కోసింది. "మైకేలుకి ఆరోనెలలో ఒక పంటి మొన కనపడింది. నీకు చెప్పానా?"

చెప్పలేదు. ముప్పై ఏళ్ళలో ఆ పిల్లల్లో ఒకడి గురించి, వాళ్ళ చావు గాక, ఆమె నాతో చెప్పిన మొదటి సంగతి అది. ఆమె మాట్లాడుతూ పోయింది. రోజకు ఎర్ర రంగంటే ఇష్టమట. ఎర్రగుడ్డ ఏది కనపడినా కళ్ళతో దాని వెంటే పోయేదట. సిలువరాజు నవ్వితే ఒక వైపే నవ్వేవాడట. ఇన్నయ్య బావ వాణ్ణి ఛాతీ మీద పడుకోబెట్టుకుని రేడియో వార్తలు వినేవాడట. నేను వింటూ, కోసిన అప్పాలను వందల లెక్కన డబ్బాల్లో పేరుస్తూ కూర్చున్నాను. ఆమె చేయి ఒక్కసారి కూడా తడబడలేదు.

*

జనవరి పద్దెనిమిదిన వకుళ నన్ను హైదరాబాదు రమ్మంది. ఫోనులో ఏమీ చెప్పలేదు.

ప్రయోగశాలలో ఒక గోడంత తెర మీద మా మేకతోళ్ళ ప్రతిబింబం ఉంది. మా పూర్వులు గీసిన గీతలు ఆకుపచ్చగా, నాలుక గీసిన గీతలు తెల్లగా. చాలా చోట్ల తెలుపు ఆకుపచ్చ మీదుగానే పోయింది. చూస్తూంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. తరతరాలుగా, గాజు పెట్టి గీసినవాళ్ళు, తప్పు లేకుండా గీశారు.

"ముందు జబ్బు సంగతి," అంది వకుళ. "వెన్నులోంచి కండరాలకు వెళ్ళే నరాలు చచ్చిపోయే జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే వస్తుంది. ఒక్కటే ఉంటే ఆ మనిషికి ఏమీ కాదు. ఉన్నట్టు కూడా తెలియదు. మైకేలుకు రెండూ ఉన్నాయి."

"అంటే ఇద్దరి వల్లా."

"ఇద్దరి వల్లా. లేదా ఎవరి వల్లా కాదు. మీరెలా చెప్పుకుంటే అలా." ఆమె తెర వైపు తిరిగింది. "కానీ సార్, ఆ రెండు లోపాలూ వేరువేరు కావు. ఒకే లోపం. ఒకే మనిషి దగ్గర నుంచి రెండు దారుల్లో వచ్చింది. ఇది చూడండి."

తెర పైకి జరిగింది. మా బావ గుండ్రం నుంచి పైకి అయిదోది. జ్ఞానమ్మ, 1876 నాటి ధాత కరువులో పుట్టిన బిడ్డ. ఆకుపచ్చ గీత అక్కడి నుంచి నిటారుగా ఆమె తల్లిదండ్రుల గుండ్రాలకు వెళ్ళింది. తెల్లగీత వెళ్ళలేదు. అది పక్కకు తిరిగి, రెండు జానల దూరం పోయి, మా అక్క నుంచి పైకి లెక్కపెడితే అయిదోదైన గుండ్రం దగ్గర ఆగింది. రాయమ్మ. అదే ఏడు, అదే నెల.

"వీళ్ళిద్దరి మధ్య యంత్రానికి తేడా తెలియలేదు," అంది వకుళ. "కవలలు సార్. ఒకే తల్లి బిడ్డలు. ఒకరు మీ ఇంట్లో ఉండిపోయారు. ఒకరు ఆ ఇంటికి వెళ్ళారు. అక్కడే పుట్టినట్టు రాశారు. మీ లెక్క ప్రకారం గీతలు పదో గుండ్రంలో కలవాలి. నిజానికి ఆరో గుండ్రంలోనే కలిశాయి."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"ఇంకొకటి. జ్ఞానమ్మ ముద్ర కింద మరో ముద్ర ఉంది. మగబిడ్డది. అదే నెలలో పైన జ్ఞానమ్మ ముద్ర పడింది కాబట్టి, నెల దాటి బతికినట్టు లేడు. ఆ ఇంటి వరసలో దానికి ముందు రెండు నల్లని వలయాలున్నాయి, చూశారా?"

చూశాను. మూడోది పడితే అడ్డగీత. ఆకలి ఏడాది, ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న ఇల్లు, మూడో బిడ్డ కూడా పోయాడు. గోడకవతల ఇంట్లో కవలలు, ఇద్దరికీ చాలనంత పాలు లేని తల్లి. ఎవరు ఎవరిని అడిగారో తెలియదు. ఒక ఇంటి గీత ఆగకూడదని, ఒక బిడ్డ ఆకలితో చావకూడదని, ఎవరో రాత్రికి రాత్రి కాకుండా పట్టపగలే, గురువు కళ్ళ ముందే, ఆ పిల్ల వేలిని చనిపోయినవాడి గుండ్రంలో అద్ది ఉంటారు. అందరికీ తెలిసే ఉంటుంది. తెలిసినవాళ్ళు పోయాక గుండ్రం మాత్రం మిగిలింది. దాన్ని నమ్మి మేము లెక్కపెట్టాం.

"రంగులో కూడా ఉంది సార్," అంది వకుళ, తెర మీద ఆ గుండ్రాన్ని పెద్దది చేస్తూ. "అంచు ఊడిన చోట ఎరుపు కింద నీలం కనిపిస్తోంది. ఇంత చక్కగా కనిపిస్తోందే, ఇన్నేళ్ళలో దీన్ని ఎవరూ గమనించలేదా?"

"గమనించాను," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

2004లో అక్క సంబంధం కుదిరినప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్ళు. విశ్వవిద్యాలయంలో ప్రాచీన లిపులు చదువుకుంటూ సెలవులకు వచ్చాను. అప్పటి గురువు నన్ను పిలిచి, ఈసారి ఎప్పుడూ లెక్కపెట్టే గుడి ఉపదేశి కాదు, చదువుకున్నవాడు లెక్కపెట్టాలన్నారు. నేను కొత్త భూతద్దం తీసుకుని వెళ్ళాను. అక్క వరండాలో కూర్చుని కిటికీలోంచి వేళాకోళమాడుతోంది. "ఒరేయ్ పండితుడా, ఎన్నింటిదాకా వచ్చావు? మధ్యలో నిద్రపోకు. తప్పు లెక్క పెట్టావో, పెళ్ళిభోజనంలో నీ విస్తట్లో కూర వెయ్యను!" ఇన్నయ్యంటే ఆమెకు ఇష్టం. గొంతులోనే తెలిసిపోయేది.

జ్ఞానమ్మ గుండ్రం దగ్గర భూతద్దం ఆగింది. ఎరుపు పెచ్చు ఊడిన చోట నీలం. రంగు జ్ఞానస్నానం అయ్యాకే వేస్తారు. నీలం వేశారంటే అక్కడ ఒక మగపిల్లవాడు ఉండేవాడు. మరి ఈ పిల్ల ఎవరు? ఆ ప్రశ్న నాకు సరిగ్గా ఆ మాటల్లోనే తోచింది. జవాబు తెలియలేదు. గది నిండా పెద్దలు. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. పెళ్ళి ఆగిపోతుందని నేను భయపడలేదు. అలా భయపడి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి కొంత బాగుండేది. నాకు తెలియదని చెప్పవలసి వస్తుందని భయపడ్డాను. నా పుస్తకంలో "చిత్రకారుడి పొరపాటు, పైన మళ్ళీ రంగు వేశాడు" అని రాసుకుని, పైకి లెక్కపెడుతూ పోయి, పదో గుండ్రం దగ్గర తలెత్తి "ఏడు దాటింది" అన్నాను.

ఇదంతా వకుళతో చెప్పాను.

"మీకప్పుడు ఇరవై ఒక్కేళ్ళు సార్."

"ఇరవై ఒక్కేళ్ళవాడికి 'తెలియదు' అనే మాట రాదా డాక్టర్?"

*

ఫిబ్రవరి పన్నెండు, శుక్రవారం ఉదయం అదే గదిలో, అదే అయిదుగురి ముందు, వకుళ ఫలితం చెప్పింది. గీతలు గీసి, ఇద్దరు కవలల పేర్లూ రాసి, పిల్లలకు పాఠం చెప్పినట్టు ఓపికగా చెప్పింది. రంగు గురించి నేను చెప్పింది మాత్రం చెప్పలేదు. అది నేను చెప్పుకోవలసినదని ఆమెకు తెలుసు.

అక్క అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది. "అయితే నా పాలు మంచివేనా?"

"మంచివేనమ్మా."

అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంటూ ఉండిపోయింది. చిన్నవాడు తాగని పాలు గుర్తుకొచ్చి ఉంటాయి.

అంతోనమ్మ ముఖం పాలిపోయింది. "అంటే మనం... రెండిళ్ళూ ఒకటేనా?" అంది. "జ్ఞానమ్మవ్వ మీ పిల్లా?" ఆమె కుర్చీ జరుపుకుని అక్క మోకాళ్ళ దాకా వచ్చింది. "పరాయి పిల్లవని కదే ఇన్నేళ్ళూ తిట్టింది. మన పిల్లనే తిట్టుకున్నానా లూర్దమ్మా?"

"పరాయి పిల్లనైనా తిట్టకూడదు వదినా," అంది అక్క.

ఆ మాటలో కోపం లేదు. అంతోనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది గాని, ఊరుకోబెట్టలేదు.

లేచేముందు ఫాదర్ దేవానందం నన్ను అడిగారు, జరిగినదంతా ఒక కాగితం మీద రాసి ఇవ్వమని. చుట్టతో పాటు పెట్టెలో ఉంచుతానన్నారు. రాబోయే తరాలవారు లెక్కపెట్టేటప్పుడు చదువుకోవాలి కదా అన్నారు. నేను అప్పటికే రాసి ఉంచాను. మూడు పేరాలు. మొదటిది జబ్బు గురించి, రెండోది కవలల గురించి, మూడోది నా గురించి. ఆయనకు ఇవ్వకముందు అక్కకు చూపించాలని ఇంటికి తీసుకెళ్ళాను.

ఆమె వంటింటి గడప మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. మూడో పేరా దగ్గర పెదవులు ఆగాయి. మళ్ళీ మొదటి నుంచీ చదివింది. లోపల కుక్కరు మూడు కూతలు కూసింది. లేచి స్టౌ ఆర్పి వచ్చి కూర్చుంది.

"నన్ను పిలిచి చూపించాల్సిందిరా," అంది. "కిటికీ అవతలే ఉన్నానుగా."

"అవునక్కా."

"చూపిస్తే మాత్రం నేను ఆగేదాన్నా? ఆగకపోదునేమో. అప్పుడు నాకు ఆయన తప్ప..." మాట పూర్తి చెయ్యలేదు. "ఆగితే వాళ్ళు ముగ్గురూ పుట్టేవాళ్ళు కాదు."

"అయితే చెప్పకపోవడమే మంచిదయిందంటావా?"

"నేనలా అన్లేదు." కళ్ళజోడు తీసింది. "అనమని అడగొద్దు."

ఆమె నన్ను 'ఒరేయ్', 'రా' అని పిలవడం ఆ మధ్యాహ్నంతో ఆగిపోయింది. ఆ సంగతి నేను తెలుసుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. అన్నం పెడుతుంది, జ్వరమొస్తే కషాయం కాస్తుంది, శౌరీ అని పిలుస్తుంది.

కాగితం మీద ఒక చోట వేలు పెట్టింది. "ఇక్కడేం రాశావు? 'దీని కారణంగా ముగ్గురు పిల్లలు మరణించారు.' ఇది సరిగ్గా లేదు. పుట్టారు అని రాయి. పుట్టారు, మరణించారు."

కలం తీసి, కాగితం ఆమె మోకాలి మీదే ఉండగా, పంక్తి పైన ఆ మాట చేర్చాను.

"పేర్లు కూడా."

మూడు పేర్లూ రాశాను. చివర సంతకం చేసి, ఫాదర్ గారికి ఇచ్చి వస్తానని చెయ్యి చాచాను. ఆమె కాగితం ఇవ్వలేదు.

"దీన్ని పెట్టెలో పెడితే ఊరంతా చదువుతుంది," అంది నెమ్మదిగా. "నాలుగు రోజులు నిన్ను తిడతారు. అయిదో రోజు, పాపం దాచుకోకుండా చెప్పుకున్నాడంటారు. అక్కడితో నీకు తేలికవుతుంది. నాకు కాదు." కాగితం మోకాలి మీద సాపు చేసింది. "చుట్టకు ఇంకొకటి రాసివ్వు, యంత్రం చెప్పింది మాత్రం. ఇది నా దగ్గరుంటుంది."

నా కలం తీసుకుని, నా సంతకం కింద "చదివాను" అని రాసింది. దాని కింద తన పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. సిరా ఆరేదాకా ఊదింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, లేచి వెళ్ళి, బీరువా కింది అరలో కరెంటు బిల్లుల కవరు అడుగున పెట్టి, తలుపు మూసి తాళం వేసింది.